మోటారు సైకిలు సురక్షిత చోదనం

మోటారు సైకిలు సురక్షిత చోదనం అంటే రోడ్డు స్థితిని, వాతావరణాన్ని, వెలుతురును, బండిపై ఉన్న బరువును గమనించి, వాటికి తగినట్లుగా వేగాన్ని, బ్రేకుల వాడకాన్ని, రోడ్డుపై బండి సాగే దారిని మార్చుకుంటూ నడపడం. కారు, బస్సు వంటి వాహనాలు నాలుగు లేక అంతకన్నా ఎక్కువ చక్రాలపై వాటంతట అవే నిలబడి ఉంటాయి. మోటారు సైకిలుకు ఆ సదుపాయం లేదు. అది నిలబడడం, మలుపు తిరగడం, ఆగడం అన్నీ రెండు టైర్లు నేలను పట్టుకొని ఉన్నంత వరకే సాధ్యం. రోడ్డు మారినప్పుడల్లా ఆ పట్టు మారుతుంది. చోదకుని చేతిలో పూర్తిగా ఉండేది వేగం ఒక్కటే.

కేంద్ర రోడ్డు రవాణా మరియు రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో భారత దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వీరిలో 74,897 మంది, అనగా 44.5 శాతం, ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారు. అదే సంవత్సరం మరణించినవారిలో 50,029 మంది హెల్మెట్ ధరించలేదు.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఒకే ప్రయాణంలో అనేక రకాల రోడ్లు ఎదురవుతాయి. ఊరిలోని సిమెంటు రోడ్డు, పొలాల మధ్య మట్టి బాట, వాగుపై లోలెవెల్ వంతెన, ఆ తరువాత నాలుగు వరుసల జాతీయ రహదారి, ఇవన్నీ 30 కిలోమీటర్లలోపే రావచ్చు. అన్నింటిపైనా ఒకే తీరుగా నడపడం చాలా ప్రమాదాలకు మూలం.

టైరు పట్టు, ఆగే దూరం

మోటారు సైకిలు టైరు నేలను తాకే భాగం ఇంచుమించు అరచేయంత ఉంటుంది. బండి వేగం పుంజుకోవడానికి, ఆగడానికి, మలుపు తిరగడానికి కావలసిన ఘర్షణ అంతా ఈ కొద్దిపాటి వైశాల్యం నుండే రావాలి. ఈ పట్టుకు ఒక హద్దు ఉంది. మలుపులో బండి వంగి ఉన్నప్పుడు పట్టులో చాలా భాగం తిరగడానికే ఖర్చవుతుంది, బ్రేకుకు మిగిలేది తక్కువ. అందువలన మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు వేస్తే టైరు జారుతుంది. వేగాన్ని మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే తగ్గించుకోవాలి.

బండి ఆగడానికి పట్టే దూరంలో రెండు భాగాలు ఉంటాయి. ఆపదను గుర్తించి బ్రేకు నొక్కేలోపు బండి సాగిపోయే దూరం మొదటిది, బ్రేకు పడిన తరువాత సాగే దూరం రెండవది. మొదటిది వేగంతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. రెండవది వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే ఈ దూరం నాలుగు రెట్లవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది. ఘర్షణ గుణకం ఆరిన తారు రోడ్డుపై సుమారు 0.7, తడి రోడ్డుపై 0.4, వదులు కంకరపై 0.3 అనుకుందాం. చోదకుడు తేరుకోవడానికి ఒక సెకను పడుతుందని కూడా అనుకుందాం (అలసిన వారికి, ఫోనుపై ధ్యాస ఉన్నవారికి ఇంతకన్నా ఎక్కువే పడుతుంది). గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్తున్న బండి ఆరిన రోడ్డుపై సుమారు 37 మీటర్లలో, తడి రోడ్డుపై 52 మీటర్లలో, కంకరపై 64 మీటర్లలో ఆగుతుంది. గంటకు 40 కి.మీ. వేగంలో ఈ దూరాలు వరుసగా 20, 27, 32 మీటర్లు. అంటే కంకరపై 40 కి.మీ. వేగంతో వెళ్లే బండి, మంచి తారు రోడ్డుపై 60 కి.మీ. వేగంతో వెళ్లే బండి కన్నా తక్కువ దూరంలో ఆగగలదు. తడి రోడ్డుపై రెండు బండ్లు ఒకే చోట బ్రేకు వేయబోయాయనుకుంటే, 40 వేగంతో వచ్చినది పూర్తిగా ఆగిన చోట, 60 వేగంతో వచ్చినది ఇంకా సుమారు 50 కి.మీ. వేగంతో దూసుకుపోతూ ఉంటుంది. అడ్డు వచ్చిన గేదె గాని మనిషి గాని ఆ చోటనే ఉంటే ఒకరికి అది భయపెట్టిన సంఘటనగా మిగులుతుంది, ఇంకొకరికి పెద్ద ప్రమాదమవుతుంది.

బ్రేకుల వాడకం

ముందు బ్రేకు వేస్తే బండి తలక్రిందులవుతుందన్న నమ్మకం పల్లెలలోనూ పట్టణాలలోనూ బలంగా ఉంది. దీనివలన చాలామంది సంవత్సరాల తరబడి కాలి బ్రేకుతోనే నడుపుతారు. నిజానికి బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది, ఆ చక్రపు పట్టు పెరుగుతుంది. అదే సమయంలో వెనుక చక్రం తేలికై సులభంగా బిగుసుకుపోయి పక్కకు జారుతుంది. కాబట్టి ఆరిన రోడ్డుపై బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. రెండు బ్రేకులను కలిపి వాడాలి. ముందు లివరును ఒక్కసారిగా లాగకుండా, క్రమంగా బిగిస్తూ పోవాలి. హ్యాండిలు తిరిగి ఉన్నప్పుడు, ఇసుక మీద ఉన్నప్పుడు ముందు బ్రేకును గట్టిగా వేయడం మాత్రం నిజంగానే ప్రమాదకరం. పై నమ్మకం ఇటువంటి అనుభవాల నుండి పుట్టి ఉండవచ్చు.

అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలస్ ప్రాంతంలో 900కు పైగా మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన చోటనే పరిశీలించి 1981లో నివేదిక వెలువరించింది. ప్రమాద సమయంలో చాలామంది చోదకులు వెనుక బ్రేకును అతిగా వేసి చక్రాన్ని జార్చుకున్నారని, ముందు బ్రేకును తగినంత వాడలేదని అందులో తేలింది. పక్కకు తప్పించుకొనే నేర్పు వారిలో దాదాపు కనిపించలేదని కూడా ఆ నివేదిక పేర్కొన్నది. ఆపద ఎదురైనప్పుడు చేయి అలవాటైన పనినే చేస్తుంది. కనుక ఖాళీ మైదానంలో తక్కువ వేగంతో రెండు బ్రేకులను సాధన చేయడం కొత్తవారికి మాత్రమే కాక, పది సంవత్సరాలుగా నడుపుతున్నవారికి కూడా అవసరమే.

భారత దేశంలో 125 సి.సి. దాటిన కొత్త ద్విచక్ర వాహనాలన్నింటికీ ఏప్రిల్ 2019 నుండి ఎ.బి.ఎస్. తప్పనిసరి అయినది. చక్రం బిగుసుకుపోబోతున్నట్లు గ్రహించగానే ఇది బ్రేకు ఒత్తిడిని క్షణకాలం సడలించి, మళ్లీ పెంచుతుంది. చక్రం జారకుండా కాపాడుతుంది గాని రోడ్డుకు లేని పట్టును తెచ్చి పెట్టలేదు. కంకరపై ఎ.బి.ఎస్. ఉన్న బండికి కూడా ఎక్కువ దూరమే పడుతుంది.

వర్షంలో చోదనం

చాలా రోజుల తరువాత పడే మొదటి జల్లు ఎడతెగని వాన కన్నా ప్రమాదకరం. ఎండాకాలమంతా రోడ్డుపై చేరిన ఇంజను నూనె, డీజిలు మరకలు, రబ్బరు పొడి, దుమ్ము కొద్దిపాటి నీటితో కలిసి జిగురు పొరలా తయారవుతాయి. గట్టి వాన కొంతసేపు కురిస్తే ఈ పొర కొట్టుకుపోతుంది. తొలకరి వేళ కాసేపు ఆగి బయలుదేరడం మంచిదనడానికి కారణం ఇదే. కూడళ్లలోను, పెట్రోలు బంకుల ఎదుట, లారీలు ఆగే చోట్లను ఈ పొర మరీ ఎక్కువగా ఉంటుంది.

తడి రోడ్డుపై అన్ని చోట్లా పట్టు ఒకేలా ఉండదు. జీబ్రా గీతలు, తెల్ల రంగు బాణాలు, మ్యాన్‌హోలు ఇనుప మూతలు, వంతెనల అతుకుల వద్ద ఉండే ఇనుప పట్టీలు, రాలిన ఆకులు తడిస్తే సబ్బు రాసినట్లుంటాయి. వీటిపై బండి నిటారుగా ఉండాలి, బ్రేకు వేయరాదు. రైలు పట్టాలను వీలైనంత అడ్డంగా, లంబ కోణానికి దగ్గరగా దాటాలి. ఏటవాలుగా దాటితే ముందు చక్రం పట్టా వెంబడి జారిపోతుంది.

డ్రమ్ము బ్రేకులలోకి నీరు చేరితే అవి కొంతసేపు సరిగా పనిచేయవు. నీటి గుంట దాటిన తరువాత మెల్లగా వెళ్తూ బ్రేకును తేలికగా రెండు మూడు సార్లు నొక్కితే ఆ రాపిడి వేడికి ఆరిపోతాయి. వాన చాటుకు చేతితో గొడుగు పట్టుకొని నడపడం, వెనుక కూర్చున్నవారు గొడుగు తెరవడం ఇంకా కనిపించే అలవాట్లు. గాలి ఒక్కసారి గొడుగును లాగితే మనిషి వెనుకకు పడిపోతారు.

వాగులు, నీట మునిగిన రోడ్లు

వానాకాలంలో లోలెవెల్ వంతెనలపై నుండి వాగు పొంగి పారుతున్నప్పుడు దాటబోయి కొట్టుకుపోయే సంఘటనలు రెండు రాష్ట్రాలలోనూ జరుగుతూనే ఉంటాయి. నిలిచిన నీరు, పారే నీరు ఒకటి కాదు. పారే నీరు చక్రాలను పక్కనుండి నెడుతుంది. మోకాలి లోతు ప్రవాహం మనిషిని, బండిని కలిపి పడగొట్టగలదు. పైగా నీరు బురద రంగులో ఉన్నందున వంతెన అంచు ఎక్కడుందో, మధ్యలో గండి పడిందో లేదో పై నుండి తెలియదు. ముందు వెళ్లిన ట్రాక్టరు దాటింది కదా అని వెనుక బయలుదేరడం పెద్ద పొరపాటు. ట్రాక్టరు బరువు, చక్రాల ఎత్తు మోటారు సైకిలుకు లేవు. అలుగు పారుతున్న చెరువు కట్టల వద్ద కూడా ఇదే వర్తిస్తుంది. నీరు తగ్గే వరకు ఆగడం, లేదా చుట్టు దారిన వెళ్లడం తప్ప ఇక్కడ నేర్పుతో చేయగలిగినది ఏమీ లేదు.

నగరాలలో నిలిచిన నీరు మరో రకం ఆపద. మూత లేని మ్యాన్‌హోలు, తవ్వి పూడ్చని గుంత నీటి అడుగున కనిపించవు. తెలియని వీధిలో నీరు నిలిచి ఉంటే రోడ్డు అంచున ఉండే కాలువకు దూరంగా, మధ్య భాగం నుండి, ముందు వాహనం వెళ్లిన జాడలో మెల్లగా వెళ్లాలి. సైలెన్సరు మునిగే లోతులో బండి ఆగిపోతే వెంటనే తిరిగి స్టార్టు చేయరాదు, నీరు ఇంజనులోకి చేరి ఉండవచ్చు.

మట్టి, కంకర, ఇసుక

వదులు నేలపై ముందు చక్రం కొద్దిగా అటూ ఇటూ ఊగడం సహజం. ఆ ఊపును ఆపాలని హ్యాండిలును బిగించి పట్టుకుంటే బండి మరింత అదుపు తప్పుతుంది. చేతులు వదులుగా, మోకాళ్లు ట్యాంకుకు ఆనించి, చూపు దూరంగా ఉంచి, ఒకే వేగంతో సాగాలి. వేగం తగ్గించడానికి ముందు యాక్సిలరేటరు వదిలి, తరువాత వెనుక బ్రేకును, ముందు బ్రేకును తేలికగా వాడాలి. తారు రోడ్డు అంచు మట్టి భాగం కన్నా అరచేయి ఎత్తులో ఉన్న చోట్ల, ఎదురు వాహనానికి దారి ఇచ్చి క్రిందికి దిగిన బండి తిరిగి ఎక్కేటప్పుడు టైరు ఆ అంచుకు రాసుకొని పడిపోతుంది. అప్పుడు కొంత దూరం మట్టిలోనే వెళ్లి, వేగం తగ్గించి, అంచుకు ఎక్కువ కోణంలో ఎక్కాలి.

వరి నాట్ల కాలంలో దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప చక్రాలతో పొలం నుండి నేరుగా రోడ్డెక్కుతాయి. అవి వదిలిన బంక మట్టి ముద్దలు చిరు జల్లుకు తడిస్తే నడిచేవారు కూడా జారిపడతారు. ఇటుక బట్టీల వద్ద, ఇసుక లారీలు తిరిగే రోడ్ల మలుపులలోను ఇటువంటి పరిస్థితే ఉంటుంది.

రోడ్లపై ధాన్యం

కోతల సమయంలో వరి, మొక్కజొన్న, మిరప వంటి పంటలను తారు రోడ్లపై ఆరబోయడం తెలుగు ప్రాంతాలలో సాధారణ దృశ్యం. దీనికి కారణం రైతుల నిర్లక్ష్యం మాత్రమే అనడం సరికాదు. యంత్రంతో కోసిన వడ్లలో తేమ ఎక్కువగా ఉంటుంది, తేమ తగ్గనిదే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. పూర్వపు కళ్లాలు చాలా ఊళ్లలో లేవు. ఎండకు కాగే తారు రోడ్డు అందరికీ అందుబాటులో ఉన్న ఏకైక కళ్లం అవుతున్నది. అయినా ద్విచక్ర వాహనాలకు దీనివలన కలిగే ముప్పు చాలా పెద్దది.

పగటి వేళ ఆరబోసిన గింజలు టైరు క్రింద గోలీల వలె దొర్లుతాయి. వాటిపై బ్రేకు వేయడం గాని, పక్కకు తిప్పడం గాని చేయరాదు. ముందే వేగం తగ్గించి నిటారుగా దాటాలి. రాత్రి ముప్పు వేరు. గింజలను కుప్పలుగా చేసి, నల్ల టార్పాలిను పట్టా కప్పి, అది ఎగిరిపోకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు. నల్లని రోడ్డుపై నల్లని పట్టా హెడ్‌లైటు వెలుగులో కూడా చాలా దగ్గరకు వచ్చే వరకు కనిపించదు. కుప్ప తీసిన తరువాత రాళ్లు రోడ్డు మీదే మిగిలిపోవడం మరొక ప్రమాదం. కోతల నెలలలో ఊళ్ల మధ్య రోడ్లపై, ముఖ్యంగా ఎదుటి వాహనపు వెలుగు కళ్లలో పడుతున్నప్పుడు, రోడ్డు ఎడమ సగం ఖాళీగా ఉంటుందని నమ్మి నడపరాదు. కుప్పల చుట్టూ వెలుగును ప్రతిఫలించే పట్టీలు గాని, తెల్ల సంచులు గాని కట్టడం రైతుకు పెద్ద ఖర్చు కాదు.

ఘాట్ రోడ్లు

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెట్రోలు ఆదా అవుతుందని ఇంజను ఆపి, లేదా న్యూట్రల్‌లో ఉంచి దిగే అలవాటు కొందరికి ఉంది. ఇలా చేస్తే బండిని నిలిపే భారమంతా బ్రేకులపైనే పడుతుంది. ఎడతెరిపి లేకుండా వాడిన బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఏ గేరులో ఎక్కుతారో ఇంచుమించు అదే గేరులో దిగాలన్నది పాత నియమం. తక్కువ గేరులో ఇంజనే వేగాన్ని అదుపులో ఉంచుతుంది. గేరు మార్చుకునే వీలు లేని స్కూటర్లలో ఈ సాయం తక్కువ కాబట్టి వాటిని మధ్య మధ్య ఆపి బ్రేకులను చల్లారనివ్వాలి.

తిరుమలలో ఎక్కడానికి, దిగడానికి వేరువేరు ఘాట్ రోడ్లు ఉన్నాయి. 1944లో పూర్తయిన మొదటి రోడ్డు దిగడానికి, తరువాత నిర్మించినది ఎక్కడానికి వాడుతున్నారు. కాబట్టి అక్కడ ఎదురు వాహనాల భయం లేదు. అరకు, మారేడుమిల్లి, శ్రీశైలం దారులలో ఈ సౌకర్యం లేదు. మలుపులో లారీలు, బస్సులు తిరగడానికి రోడ్డు మొత్తం వాడుకుంటాయి. కనుక గుడ్డి మలుపులలో హారను మ్రోగించి, తన ఎడమ సగంలోనే ఉండాలి. మధ్య గీత వద్ద టైరు ఉన్నా, వంగిన చోదకుని తల, భుజం గీత దాటి ఎదుటి వరుసలోకి పోతాయన్న సంగతి చాలామంది గమనించరు. ఇరుకు చోట దిగే వాహనం ఆగి, ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలి.

రాత్రి, పొగమంచు

రాత్రి వేళ హెడ్‌లైటు చూపినంత దూరంలో ఆగగలిగిన వేగమే సరైన వేగం. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆరిన రోడ్డుపై కూడా 60 కి.మీ. వేగానికి సుమారు 37 మీటర్లు కావాలి. డిమ్ము లైటులో నల్ల గేదె, ఎర్ర దీపం లేని ట్రాక్టరు ట్రాలీ, రోడ్డు పక్కన ఆగిన లారీ అంత దూరం నుండి కనిపిస్తాయన్న హామీ లేదు. ఎదుటి వాహనపు లైటు కళ్లలో పడితే దాన్నే చూడకుండా చూపును రోడ్డు ఎడమ అంచుపై నిలిపి వేగం తగ్గించాలి. గీతలు పడిన హెల్మెట్ అద్దం ఎదుటి వెలుగును చెదరగొట్టి అంతా తెల్లగా చేస్తుంది. పాత అద్దాన్ని మార్చడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

శీతాకాలపు తెల్లవారుజామున లంబసింగి వంటి కొండ ప్రాంతాలలోనే కాక మైదానాలలోనూ పొగమంచు కమ్ముతుంది. పొగమంచులో పెద్ద లైటు వేస్తే వెలుగు తిరిగి కళ్ల మీదికే వస్తుంది, డిమ్ము లైటే మేలు. ఆగవలసి వస్తే రోడ్డు అంచున కాక, పూర్తిగా రోడ్డు దిగి ఆగాలి.

జాతీయ రహదారులు

హైదరాబాదు బాహ్య వలయ రహదారిపైన, పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేపైన ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. విజయవాడ - హైదరాబాదు దారి వంటి ఇతర జాతీయ రహదారులపై అవి భారీ వాహనాలతో కలిసి వెళ్లవలసిందే. లారీ అద్దంలో దాని డ్రైవరు ముఖం కనిపించకపోతే, ఆ డ్రైవరుకు మోటారు సైకిలు కూడా కనిపించదని భావించాలి. బస్సును దాటి ముందుకు రాగానే పక్క గాలి ఒక్కసారిగా తగిలి బండి ఊగుతుంది, దానికి సిద్ధంగా ఉండాలి. కొద్ది దూరం చుట్టి రావడానికి బద్ధకించి ఎదురు దిశలో వచ్చే బండ్లు ఈ రహదారులపై ఊరి ఊరికీ ఎదురవుతాయి. డివైడరు తెరిచి ఉన్న చోట్ల, దాబాల ఎదుట వేగం తగ్గించడం తప్పనిసరి.

వేసవి

తీవ్రమైన ఎండలలో కొన్ని చోట్ల తారు కరిగి పైకి తేలి మెరుస్తూ ఉంటుంది, అక్కడ టైరు జారుతుంది. టైరులో గాలిని బండి నడిపిన తరువాత కాక, చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. వడగాలిలో దాహం తెలియకుండానే శరీరంలో నీరు తగ్గి, కునుకు, తలతిరుగుడు వస్తాయి.

వెనుక కూర్చునేవారు, బరువు

చట్టం ప్రకారం ద్విచక్ర వాహనంపై చోదకునితో పాటు మరొకరికే అనుమతి ఉంది. వెనుక బరువు పెరిగితే ముందు చక్రం తేలికై హ్యాండిలు సరిగా మాట వినదు, ఆగే తీరు మారుతుంది. బియ్యం బస్తా, గ్యాసు బండ, పాల క్యానుల వంటి వాటిని ఒక పక్కకే వేలాడదీయరాదు. చీర కొంగు, చున్నీ వెనుక చక్రంలో చిక్కుకొని జరిగే ప్రమాదాలు తీవ్రంగా ఉంటాయి. అందుకే వెనుక చక్రంలో కనీసం సగ భాగాన్ని కప్పే రక్షణ కవచం, పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే ఏర్పాటు ఉండాలని నిబంధన ఉంది. అందం కోసం ఈ కవచాన్ని తీయించివేయడం చాలామంది కుర్రవాళ్లు చేసే పని.

9 నెలల నుండి 4 సంవత్సరాల లోపు పిల్లలను తీసుకువెళ్లేటప్పుడు పిల్లలను చోదకునికి కట్టి ఉంచే పట్టీ, పిల్లల హెల్మెట్ వాడాలని, వేగం గంటకు 40 కి.మీ. మించరాదని 2022లో నిబంధన వెలువడింది. ఇది 2023 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చింది. ట్యాంకుపై కూర్చున్న బిడ్డ, బండి దేనినైనా గుద్దుకుంటే తండ్రి శరీరానికి, హ్యాండిలుకు మధ్య నలిగిపోతుంది.

హెల్మెట్

1935లో "లారెన్స్ ఆఫ్ అరేబియా"గా పేరొందిన టి. ఇ. లారెన్స్ ఇంగ్లండులో మోటారు సైకిలు ప్రమాదంలో తలకు గాయమై మరణించాడు. ఆయనకు చికిత్స చేసినవారిలో ఒకరైన శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఆ తరువాత తల గాయాలపై పరిశోధన సాగించి, 1941లో హెల్మెట్ ఉపయోగాన్ని వివరించే వ్యాసం ప్రచురించాడు. అదే సంవత్సరం బ్రిటిషు సైన్యం తన మోటారు సైకిలు చోదకులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ప్రకారం హెల్మెట్ మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం, తల గాయాలను సుమారు 69 శాతం తగ్గిస్తుంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షను ప్రకారం నాలుగు సంవత్సరాలు దాటిన ప్రతి ఒక్కరూ, వెనుక కూర్చున్నవారితో సహా, హెల్మెట్ ధరించాలి. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది. 2021 జూన్ 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని హెల్మెట్ల తయారీ, అమ్మకం నిషిద్ధం. రోడ్డు పక్కన తక్కువ ధరకు అమ్మే టోపీల వంటివి పోలీసుల జరిమానా నుండి కాపాడవచ్చును గాని తలను కాపాడలేవు. గడ్డం క్రింది పట్టీ బిగించని హెల్మెట్, తల నేలను తాకకముందే ఊడిపోతుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నట్లు కనిపించినా లోపలి థర్మోకోలు పొర నలిగి ఉంటుంది, దానిని మార్చాలి.

ప్రమాదం జరిగినప్పుడు

108 అంబులెన్సు సేవ ఆంధ్ర ప్రదేశ్‌లో 2005లో మొదలైంది. ఆ నంబరుకు ఫోను చేసి ఊరి పేరు, దగ్గరలోని కిలోమీటరు రాయిపై ఉన్న అంకె చెబితే వాహనం త్వరగా చేరుకోగలదు. సాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయంతో చాలామంది దూరంగా నిలబడిపోతారు. 2019 సవరణలో చేర్చిన 134ఎ సెక్షను సద్బుద్ధితో సాయపడినవారికి రక్షణ కల్పించింది. తన పేరు, వివరాలు చెప్పాలని వారిని బలవంతం చేయరాదు.

గాయపడిన వ్యక్తిని చేతులు, కాళ్లు పట్టి ఎత్తి ఆటోలో కుదించి కూర్చోబెట్టడం వలన వెన్నుపూసకు తగిలిన దెబ్బ పక్షవాతంగా మారవచ్చు. మంటలు, ఇతర వాహనాల వంటి తక్షణ ప్రమాదం లేకపోతే అంబులెన్సు వచ్చే వరకు కదపకుండా ఉంచాలి. హెల్మెట్‌ను తొందరపడి లాగివేయరాదు. ఊపిరి ఆడకపోవడం, వాంతి వంటివి ఉంటేనే తీయాలి. అప్పుడు కూడా ఒకరు మెడను, తలను కదలకుండా రెండు చేతులతో పట్టుకొని ఉండగా, మరొకరు పట్టీ విప్పి మెల్లగా తీయాలి.